మేడ గుమ్మం ముందు మగవాడి చెప్పులు

రెండువేల ఇరవై రెండు, ఎండాకాలం. విశాఖపట్నంలో సీతమ్మధార. ఇళ్ళు అద్దెకివ్వడంలో అప్పటికే నేను తలపండినవాణ్ణి. గుమ్మం ముందు విడిచిన చెప్పులు చూసి లోపల ఎందరున్నారో, వాళ్ళలో అద్దెకున్నవాళ్ళెవరో, చుట్టంచూపుగా వచ్చి తిష్ఠ వేసినవాళ్ళెవరో కాఫీ గ్లాసు కింద పెట్టకుండా చెప్పేసేవాణ్ణి. నా కన్నుగప్పి నా ఇళ్ళలో ఒక్క గెస్టూ రెండో పూట భోంచేసి ఎరగడు. మా కాలనీలో కొత్తగా టు-లెట్ బోర్డు కట్టిన ఓనర్లు సలహాల కోసం మా వరండాలో వరస కట్టేవారు.

ఈ విద్య నాకు పోర్టులో అబ్బింది. కోనసీమ నుంచి ఉద్యోగానికని వచ్చి, ఇక్కడ టాలీ క్లర్కుగా చేసి రిటైరయ్యాను. టాలీ క్లర్కంటే ఓడలోంచి దిగే సరుకునీ, ఓడలోకి ఎక్కే సరుకునీ లెక్క చూసి రాసుకునే గుమాస్తా. క్రేను కొక్కేనికి వేలాడే బరువు తల మీంచి పోతూ ఉంటే కింద ఎండలో నిలబడి బస్తాలెన్ని, చిరిగినవెన్ని, తడిసినవెన్ని అని చూపుతోనే ఏరాలి. చేరిన కొత్తల్లో మా సీనియరు ఒకాయన ఒకే ఒక్క మాట నేర్పాడు. "చూసింది రాయి. అనుకున్నది రాయకు." ఆ తర్వాత కొత్తగా చేరిన ప్రతి కుర్రాడికీ ఆ మాట నా సొంత మాటలా చెబుతూ వచ్చాను. అందరికీ చెప్పి నేను మరిచిపోయాను.

అసలు సంగతికి వెళ్ళేముందు మా వ్యాపారం గురించి నాలుగు ముక్కలు చెప్పాలి. స్టీల్ ప్లాంటనీ, పోర్టనీ, ఆసుపత్రులనీ ఎక్కడెక్కడి పిల్లలో ఈ ఊరికి ఉద్యోగాలకొస్తారు. ఒక్కరే ఇల్లు తీసుకోవడం భారం కనక ఇద్దరో ముగ్గురో కలిసి ఒక వాటా తీసుకుంటారు. దాన్నే షేరింగ్ అంటారు. సంసారులకి ఇల్లిస్తే, వాళ్ళ బావమరిది వచ్చి పదిరోజులున్నా ఓనరుకి అంత పట్టింపు ఉండదు. మహా అయితే నీళ్ళ దగ్గర సణుగుతాం. షేరింగులో అలా కాదు. ఒకరి చుట్టం రెండోవారికి పరాయివాడు. ఒకమ్మాయి తమ్ముడు హాల్లో పడుకుంటే ఇంకో అమ్మాయి మంచినీళ్ళకి లేవడానికి కూడా మొహమాటపడుతుంది. స్టీల్ ప్లాంటు కుర్రాళ్ళయితే మరీ ఘోరం. ఎ షిఫ్టువాడు డ్యూటీకి వెళ్ళగానే వాడి మంచం మీద బి షిఫ్టు స్నేహితుడు వాలతాడు. అద్దె ఒకడిది, నిద్ర అందరిదీ. అందుకని ఓనర్లం అగ్రిమెంటులో సబ్‌లెట్టింగ్ కూడదని రాయించుకుంటాం. మనం అద్దెకిచ్చిన చోటుని అద్దెకున్నవాడు మళ్ళీ ఇంకొకడికి అద్దెకివ్వడమే సబ్‌లెట్టింగ్. చుట్టం వచ్చి ఉండిపోతే అది సబ్‌లెట్టింగ్ కిందికి వస్తుందా, మర్యాద కిందికి వస్తుందా అన్న చోటే గొడవలన్నీ పుడతాయి.

ఆ గొడవలు రాకుండా నా దగ్గర మూడు ఆయుధాలుండేవి. ఒకటి, పొద్దున్నే చెప్పుల తనిఖీ. రెండు, మోటారు స్విచ్చి. మేడ మీది ట్యాంకు నిండాలంటే మా వంటింటి గోడకున్న స్విచ్చి వెయ్యాల్సిందే. మూడు, డూప్లికేటు తాళంచెవి. ఇన్‌స్పెక్షన్ చెయ్యడం ఓనరు ధర్మమని నా నమ్మకం. పంపు కారుతోందనో, గోడ చెమ్మగిల్లిందనో ఏదో ఒక వంకన అప్పుడప్పుడూ తలుపు తీసి, లోపల ఓ చూపు వేసి వచ్చేవాణ్ణి. ఈ మూడో ఆయుధం సంగతి మళ్ళీ వస్తుంది.

ఆ ఏడు మేడ మీద ఇద్దరమ్మాయిలుండేవారు. శిరీషది తణుకు. మద్దిలపాలెంలో ఒక ఆఫీసులో అకౌంట్లు చూసేది. నూకరత్నం భీమిలి దాటాక సముద్రపు ఒడ్డున ఉన్న పల్లె నుంచి వచ్చింది. వేటకెళ్ళేవాళ్ళ పిల్ల. ఒక ల్యాబులో శాంపిల్ కలెక్షన్ చేసేది, అంటే ఇళ్ళకి వెళ్ళి పరీక్షలకి రక్తం తీసుకొచ్చే పని. పరగడుపున తీయాలి కనక చీకటుండగానే స్కూటీ మీద బయల్దేరి, మధ్యాహ్నానికి తిరిగొచ్చి, తిని పడుకునేది. వాళ్ళింట్లో నెలజీతం తెచ్చుకున్న మొదటి మనిషి ఆమె. ఇల్లు మాట్లాడుకోవడానికి వచ్చినప్పుడు తండ్రి వేటలో ఉండి రాలేకపోయాడు. ఆ సాయంత్రం ఫోన్ చేశాడు.

"బాబూ, నాను ఎల్లాజీనండి, రత్నం నాన్నని. మా పాప మీ ఇంట్లో ఉంతాది. మీరు పెద్దోరు. ఓ కన్నేసి ఉంచండి."

ఆయన ఒక కన్నే అడిగాడు. నేను రెండూ వేశాను.

మా మేడమెట్లు ఇంటికి బయటివైపు ఉంటాయి. పెరట్లో నిలబడి తలెత్తితే పై గుమ్మం కనిపిస్తుంది. ఏప్రిల్ చివర ఒక పొద్దున్న కాఫీ గ్లాసు పట్టుకుని తలెత్తేసరికి, శిరీష చెప్పుల పక్కన ఒక మగ జత కనబడింది. తోలు చెప్పులు, పెద్దవి. మర్నాడూ ఉన్నాయి. ఆ మర్నాడూ ఉన్నాయి. నిన్న ముక్కులు గోడవైపు ఉంటే ఇవాళ మెట్లవైపు ఉన్నాయి.

అమ్మాయిలిద్దరూ పనుల్లోకి వెళ్ళాక పైకెళ్ళి ఆ జతని చేతిలోకి తీసుకుని చూశాను. ఎడమ చెప్పు మడమ దగ్గర బాగా అరిగింది. కుడి చెప్పు బొటనవేలి పట్టీ తెగితే నీలం నైలాను దారంతో కుట్టారు. అది వలలు బాగుచేసే దారం, ముడి కూడా వలముడే. ఇంక నా బుర్ర ఆగలేదు. మనిషి ఫిషింగ్ హార్బరులో పనిచేస్తాడు. ఎడమ కాలికి ఎప్పుడో దెబ్బ తగిలింది. పొడుగాటివాడు. రత్నం ఊరివాడే అయి ఉండాలి, రాత్రి వచ్చి తెల్లారకముందే వెళుతూ ఉండాలి. కిందికి దిగి ఇదంతా మా ఆవిడ సుభద్రకి ఏకబిగిన చెప్పాను. ఆవిడ దోసెల పిండి రుబ్బుతోంది.

"ఆ చెప్పులు మెట్లు దిగడం మీరెప్పుడైనా చూశారా?" అంది.

"నిన్న అటు తిరిగున్నాయి, ఇవాళ ఇటు తిరిగున్నాయి. మనిషి లేకుండా వాటంతట అవే తిరుగుతాయా?"

"పోనీ, మనిషి మెట్లెక్కడం చూశారా?"

"చూడలేదు. అదే మరి వాడి తెలివి!"

సుభద్ర గ్రైండరు ఆపి నాకేసి చూసింది. మళ్ళీ వేసింది.

ఆ మధ్యాహ్నం రత్నం స్కూటీ స్టాండు వేస్తూ ఉంటే మెట్ల దగ్గర ఆపాను.

"అమ్మాయ్, పైన మగ చెప్పులున్నాయి. ఎవరివి?"

"మా నాన్నవండి."

"మీ నాన్న వచ్చాడా? నాకు చెప్పలేదే!"

"రాలేదండి."

"చెప్పులొచ్చి మనిషి రాలేదా?"

"అవునండి," అంది. హెల్మెట్ తీసి చంకలో పెట్టుకుంది. "అగ్రిమెంటులో గెస్టులుండకూడదన్నారు. సెప్పులుండకూడదని రాయలేదు కద తాతగారూ?"

ఆ పిల్ల నిజం చెప్పింది. ఒక్క అక్షరం పొల్లు లేదు. నాకు మాత్రం పొగరుగా వినబడింది. నా వయసుకి, నా అనుభవానికి ఎదురు చెప్పినట్టు అనిపించింది. సరే, నీ సంగతి ఇలా కాదనుకున్నాను.

మర్నాటి నుంచి మోటారు వెయ్యడం తగ్గించాను. ఓనర్లలో ఇది పాత చిట్కా. నోటితో పొమ్మనక్కర్లేదు, పంపే చెబుతుంది. విశాఖ ఎండలు తెలిసినవాళ్ళకి చెప్పక్కర్లేదు, మే నెలలో నీళ్ళు లేకపోతే మేడ మీది ఇల్లు పెనమే. రత్నం డ్యూటీ నుంచి వచ్చి, యూనిఫాంలోనే, పెరటి కుళాయి దగ్గర బకెట్లు నింపుకుని మెట్లెక్కేది. వరండాలో పేపరు అడ్డం పెట్టుకుని నేను చూస్తూ కూర్చునేవాణ్ణి. ఒక సాయంత్రం శిరీష దిగొచ్చింది.

"మోటారు పాడైందా తాతగారూ?"

"లేదమ్మా. ఇద్దరికి సరిపడా నీళ్ళు ఎక్కిస్తున్నాను. మూడోవాడు వాడుకుంటే నేనేం చెయ్యను?"

శిరీష మొహం ఎర్రబడింది. "మూడోవాడెవడో లోపలికొచ్చి చూసుకోండి. తాళంచెవి మీ దగ్గరే ఉందిగా!" అని విసవిసా వెళ్ళిపోయింది.

మనిషన్నవాడికి అది చెంపదెబ్బలా తగలాలి. నాకు అనుమతిలా వినబడింది. ఇద్దరూ లేనప్పుడు వెళ్ళి చూశాను. అలమర వెనక చూశాను, మంచం కింద వంగి చూశాను. మగవాడి లుంగీ లేదు, షేవింగ్ బ్రష్షు లేదు, బీడీ ముక్క లేదు. టాలీ క్లర్కయితే అక్కడ 'నిల్' అని రాసి సంతకం పెట్టాలి. నేను 'దాక్కున్నాడు' అని రాసుకున్నాను.

ఆ మర్నాడు పొద్దున్న ఎల్లాజీకి ఫోన్ చేశాను. ఇల్లిచ్చేటప్పుడు, అవసరం పడితే ఉంటుందని తీసుకున్న నంబరు అది. జబ్బు చేస్తేనో, ప్రమాదం జరిగితేనో వాడమని ఇస్తారు. నేను దేనికి వాడానో చూడండి.

"ఏమయ్యా ఎల్లాజీ, నీ కూతురి సంగతి నీకు తెలుసా? గదిలో మగవాణ్ణి పెట్టుకుంది. మర్యాదగా వచ్చి తీసుకెళ్ళు. లేకపోతే పోలీసుల దాకా పోవాల్సొస్తుంది."

అవతల సముద్రం హోరు మాత్రం వినబడుతోంది. వేట నిషేధం రోజులవి. చేపలు గుడ్లు పెట్టే కాలమని పడవలన్నీ ఒడ్డుకి లాగేసి, జనం వలలు బాగుచేసుకుంటూ ఉంటారు.

"మా పాపేనా బాబూ?" అన్నాడు చివరికి.

"మరెవరు? సాక్ష్యం ఉంది నా దగ్గర."

"వొత్తన్నాను," అని పెట్టేశాడు.

మధ్యాహ్నం కాకముందే వచ్చాడు. పొడుగాటి మనిషి, మాసిన బనీను మీద హడావుడిగా తొడుక్కున్న చొక్కా, గుండీలు ఒకటి తప్పి ఒకటి పెట్టుకున్నాడు. ఎడమ కాలు కాస్త ఈడుస్తున్నాడు. కాళ్ళకి చెప్పుల్లేవు. ఇసకలో వల దగ్గర కూర్చున్నవాడు కూర్చున్నట్టే లేచి బస్సెక్కాడట. మద్దిలపాలెంలో దిగి, ఆ ఎండలో సీతమ్మధార దాకా తారు రోడ్డు మీద నడిచొచ్చాడు. ఆ కాలు ఈడవడం నేను చూశాను. చూసి కూడా నాకేమీ తట్టలేదు.

సుభద్ర మంచినీళ్ళిచ్చింది. తాగాడు. కుర్చీ వేస్తే కూర్చోలేదు, వరండా మెట్టు మీద చతికిలబడ్డాడు.

"పాప సామాను సర్దీమనండి బాబూ. ఉద్దోగం వొద్దు, ఏటీ వొద్దు. తీసుకెల్లిపోతాను. మావూళ్ళో తలెత్తుకోవాల గదా."

అప్పుడే రత్నం స్కూటీ గేటు దగ్గర ఆగింది. తండ్రిని చూసి ఆ పిల్ల మొహం ఒక్క క్షణం వెలిగింది. పక్కన నన్ను చూసి ఆరిపోయింది.

"ఏటి నాన్నా, ఇలగొచ్చీసినావు? సెప్పులేవి?"

"ఏడ్సినాయి సెప్పులు. గదిలో ఎవుడున్నాడే?"

"ఎవుడూ నేడు."

"ఉన్నాడో లేడో నేను చూపిస్తాను రండి," అని నేను లేచాను. నా జీవితంలో అంత హుషారుగా మెట్లెక్కింది ఆ రోజే. తాళాలగుత్తి వేలికి తగిలించుకుని గిరగిరా తిప్పుతూ ముందు నేను, నా వెనక ఎల్లాజీ, ఆయన వెనక రత్నం, అందరికంటే వెనక సుభద్ర. పై గుమ్మం ముందు ఆగి, కోర్టులో సాక్ష్యం చూపినట్టు ఆ జతని చూపించాను. "ఇదిగో. ఇవి ఎవడివో అడుగు నీ కూతుర్ని."

ఎల్లాజీ చెప్పులకేసి చూశాడు. నాకేసి చూశాడు. మళ్ళీ చెప్పులకేసి చూశాడు. వాటిలో ఎడమ కాలు పెట్టాడు, తర్వాత కుడి కాలు పెట్టాడు. అరిగిన చోట మడమ అచ్చు దిగినట్టు కూర్చుంది.

"ఇయ్యి నాయే బాబూ," అన్నాడు. "పట్టీ తెగిపోతే వల దారమెట్టి నానే కుట్టుకున్నాను."

నా వేలి మీద తాళాలగుత్తి తిరగడం ఆగిపోయింది.

"నెల్లాళ్ళ కితం ఊరొచ్చి ఏడిసినాది," అన్నాడాయన, నాకు చెబుతున్నా కళ్ళు కూతురి మీదే ఉంచి. "పగటేల డూటీ నుంచొచ్చి పడుకుంతే ఎవుడో తలుపు తీసుకోని లోపలికొచ్చెత్తన్నాడు నాన్నా అన్నాది. ఎవుడే అంతే సెప్పదు. సరే, నా సెప్పులట్టుకెల్లి గుమ్మంకాడ పడెయ్యి, రోజూ ఇటూ అటూ తిప్పుతుండు, ఇంట్లో మగోడున్నాడని ఆడే బయపడతాడని నానే ఇచ్చినాను. ఉన్నయాట్లో మంచి జత." ఆగి గొంతు తగ్గించాడు. "ఇప్పుడు సెప్పమ్మా. ఎవుడాడు?"

రత్నం పలకలేదు.

ఎందుకు పలకలేదో ఇప్పుడు నాకు బాగా అర్థమవుతుంది. పేరు చెబితే తండ్రి ఆ పూటే తీసుకెళ్ళిపోతాడు. ఆ పల్లె నుంచి చీకటుండగా పట్నం వచ్చి పరగడుపు రక్తాలు తీయడం జరిగేపని కాదు. ఉద్యోగం పోతుంది. ఆ ఉద్యోగం నిలుపుకోవడానికే ఆ పిల్ల ఇన్నాళ్ళూ నోరు మెదపకుండా, తండ్రి చెప్పులు అటూ ఇటూ తిప్పుతూ నెట్టుకొచ్చింది. ఆ క్షణాన నోరు విప్పి చెప్పాల్సినవాణ్ణి నేను. నేను గోడ మీద చెమ్మ చూస్తున్నాను.

రత్నం కళ్ళు నా చేతిలోని గుత్తి మీద నిలిచాయి.

"ఈ తాతగారే నాన్నా," అంది.

"నేనా!" అన్నాను. "నా మనవరాలి వయసుదానివి! నేను ఇన్‌స్పెక్షన్‌కి—"

"తప్పుగా ఏటీ సెయ్యనేదు, అబద్దం సెప్పకూడదు," అంది రత్నం. ఏడుపు లేదు, కోపం కూడా లేదు. "తలుపుకి లోపల గడియ నేదు. పంపు కారతందంటారు. గోడ సెమ్మంటారు. నాను ఉలిక్కిపడి లేచి కూకున్నా బయటికెల్లరు. ట్యాపు తిప్పి సూత్తారు. తలుపు కొట్టమని అడిగినాను. 'మా ఇంటికి నేను తలుపు కొట్టడమేంటమ్మా' అని నవ్వీసినారు. అప్పట్నుంచి నాకు నిద్ర పట్టదు నాన్నా. రక్తం తీసేటప్పుడు సెయ్యి ఒణుకుతంది."

వెనకే సుభద్ర ఉంది. నేను తిరిగి చూడలేదు.

ఎల్లాజీ కొడతాడనుకున్నాను. నిజానికి కొడితే బాగుండునని ఇప్పటికీ అనుకుంటాను. ఆయన గొంతు కూడా పెంచలేదు.

"ఓ కన్నేసి ఉంచమన్నాను బాబూ మిమ్మల్ని. మీరు కాపలా ఉన్నారని నాను సముద్రంలో నిబ్బరంగా ఉన్నాను. మీ నుంచి కాపలాకే నా సెప్పులు పంపినానని తెల్దు."

తర్వాత కూతుర్ని అడిగాడు. "ఒచ్చెత్తావా? ఉంతావా?"

"ఉంతాను. తప్పు సేసినోల్లు ఎల్లాల. నానెందుకెల్లాల?"

ఆయన తలూపాడు. చెప్పుల్లోంచి కాళ్ళు తీసి, వంగి, ఆ జతని మళ్ళీ గుమ్మం పక్కన పెట్టాడు, ముక్కులు మెట్లవైపు ఉండేట్టు. ఉత్త కాళ్ళతో మెట్లు దిగాడు.

గేటు దగ్గర సుభద్ర అడ్డం వెళ్ళింది. "అన్నయ్యగారూ, ఎండ మండిపోతోంది. మావారి చెప్పులేసుకెళ్ళండి."

"వొద్దమ్మా," అన్నాడు. "ఆయనియ్యి ఆయన గుమ్మంకాడే ఉండనీండి. అయ్యిక్కడ కనబడితే ఆయన ఇంట్లోనే ఉన్నాడని మా పాపకి తెలుస్తాది. కూసింత నిద్రపోతాది."

ఆ రోడ్డు మీద ఎడమ కాలు ఈడుస్తూ ఆయన మలుపు తిరిగేదాకా చూశాను. అంతవరకూ నేను 'ఏమయ్యా' అనే పిలిచాను. 'ఎల్లాజీగారూ' అని పిలవాలనిపించేసరికి మనిషి వినపడే దూరంలో లేడు.

ఆ సాయంత్రమే నేను మేడమెట్లెక్కి, తలుపు కొట్టి, డూప్లికేటు తాళంచెవి రత్నం చేతిలో పెట్టాను. "క్షమించమ్మా," అన్నాను. మోటారు మామూలుగా వేయించాను.

ఓనరు హద్దులేమిటో సరిగ్గా తెలుసుకోవాలని మర్నాడే రెండు వీధుల అవతలున్న ప్లీడరుగారి దగ్గరికెళ్ళాను. ఆయన చెప్పింది ఇక్కడ రాస్తున్నాను, ఇల్లు అద్దెకిచ్చేవాళ్ళకి పనికొస్తుంది. చుట్టం వచ్చి నాలుగు రోజులుంటే అది సబ్‌లెట్టింగ్ కాదు. గెస్టుల సంగతి అగ్రిమెంటులో ముందే రాసుకుని ఉండి, వాళ్ళు దాన్ని మీరితే, ముందు అద్దెకున్నవాళ్ళనే అడగాలి. వినకపోతే రాతపూర్వకంగా నోటీసివ్వాలి. అదీ వినకపోతే కోర్టుంది. నీళ్ళు ఆపడం, కరెంటు తీసెయ్యడం, తాళం మార్చడం, చెప్పకుండా లోపలికెళ్ళడం ఓనరు హక్కులు కావు. రిపేరు ఉంటే ముందు చెప్పి, వాళ్ళు రమ్మన్నప్పుడు వెళ్ళాలి. "ఇల్లు మీ పేరనే ఉందండీ, కాదనను. వాళ్ళు అద్దె కడుతున్నంతకాలం ఆ గుమ్మం లోపలి చోటు మాత్రం వాళ్ళదే. అక్కడ పిలవకుండా వచ్చిన గెస్టు మీరే," అన్నాడు. వయసొచ్చిన పిల్ల మీద తండ్రికి చాడీలు చెప్పే హక్కు ఏ చట్టంలోనూ తనకి కనబడలేదని కూడా అన్నాడు.

ఇంతవరకూ వచ్చాను కనక, మొదట్లో కోసిన కోతలు కూడా సరిచేసుకుంటాను. 'నా ఇళ్ళు' అని రాశాను. ఉన్నది ఒక్క ఇల్లు, దాని మీద ఒక్క మేడ. సలహాల కోసం వరస కట్టిన ఓనర్లలో నిజంగా వచ్చింది ఎదురింటాయన ఒక్కడే, అదీ మా నిచ్చెన అడిగి పట్టుకెళ్ళడానికి. నా కన్నుగప్పి ఒక్క గెస్టూ ఉండలేదన్నదీ నిజం కాదు. పైన స్టీల్ ప్లాంటు కుర్రాళ్ళున్న రోజుల్లో వాళ్ళ స్నేహితుడొకడు ఒక వర్షాకాలమంతా ఉండి వెళ్ళాడు. చెప్పులు చేత్తో పట్టుకుని మెట్లెక్కేవాడట. అద్దెకున్నవాడే అనుకుని "డ్యూటీ ఎలా ఉందోయ్" అని నేను రోజూ పలకరించేవాణ్ణి కూడాను. అంటే నిజంగా గెస్టున్నప్పుడు నాకు కనబడలేదు. లేనప్పుడు కనబడ్డాడు.

రత్నం ఇప్పటికీ మా మేడ మీదే ఉంటోంది. శిరీష పెళ్ళయి వెళ్ళింది, ఆమె చోట్లోకి ఇంకో అమ్మాయి వచ్చింది. పైన పని పడితే నేను మెట్ల కింద నిలబడి పిలుస్తాను. రమ్మంటేనే ఎక్కుతాను. ఇంట్లో ఉన్నంతసేపూ నా చెప్పులు వరండా అంచున, పైనుంచి చూస్తే కనబడేట్టు విడుస్తాను. పై గుమ్మం ముందు ఆ పాత తోలు జత అలాగే ఉంది. వానకి తడిస్తే రత్నం పిట్టగోడ మీద ఎండబెట్టి మళ్ళీ అక్కడే పెడుతుంది. తీసెయ్యమని అడిగే మొహం నాకు లేదు. ఇన్నేళ్ళ ఉద్యోగంలో నేను నేర్చుకోవాల్సినది మా సీనియరు మొదటి రోజే చెప్పాడు. నేను చూసింది చెప్పుల జత. అనుకున్నది మగవాణ్ణి. ఆ రెంటికీ మధ్య ఒక ఆడపిల్ల బతుకుతెరువు ఉందని చూడలేకపోయాను.

ఇదంతా రాసి సుభద్రకి చదివి వినిపించాను. ఆవిడ గోరుచిక్కుళ్ళు తుంచుతూ చివరిదాకా వింది. అయ్యాక తలెత్తకుండానే అంది.

"తాళంచెవి మీరివ్వలేదు. మేకు మీంచి తీసి నేనిచ్చాను. మీరప్పుడు ప్లీడరుగారింట్లో ఉన్నారు. వెళ్ళింది మర్నాడు కాదు, ఆ సాయంత్రమే. హద్దులు తెలుసుకోవడానికీ కాదు. ఇంత పరువు తీసిన పిల్లని ఖాళీ చేయించడానికి దారేమైనా ఉందా అని అడగడానికెళ్ళారు. ఆయన భార్య నాకు అప్పుడే చెప్పింది. దారి లేదన్నాడు కనక తిరిగొచ్చారు. వచ్చి, మేకుకి తాళంచెవి లేదని నా మీద అరిచారు. క్షమించమని ఆ రోజు అడగలేదు, ఇవాళ్టికీ అడగలేదు. అమ్మాయి పైనే ఉంది."